తాళం తిప్పినప్పుడా, వదిలినప్పుడా? : సోనారి హ్యాంగరులో ఒక ఉదయం

మా నిర్వహణ విభాగం నుండి నలుగురము శిక్షణ నిమిత్తం జంషెడ్‌పూరు వెళ్ళి కొన్ని సంవత్సరాలైనది. అక్కడ నేర్చుకొన్న విషయాలను తిరిగి వచ్చిన వెంటనే నివేదిక రూపంలో పై అధికారులకు సమర్పించాము. ఆ నివేదికలో చోటు దొరకని ఒక ఆదివారపు ఉదయాన్ని గూర్చి ఇక్కడ వ్రాయదలచాము. శిక్షణ తరగతులలో విన్న పాఠాలకంటె ఆ ఉదయం చూచినదే మా పనిలో ఎక్కువ అక్కరకు వచ్చినదని చెప్పుటకు సంకోచించము.

జంషెడ్‌పూరులో ఖర్కాయి నది సువర్ణరేఖలో కలిసే చోటును దోముహానీ అంటారు. ఆ సంగమానికి చేరువలో ఉన్న పేట సోనారి. ఇళ్ళు, బజారు, బడులు ఉన్న ఆ పేటను ఆనుకొనియే టాటా ఉక్కు సంస్థకు చెందిన చిన్న విమానాశ్రయం ఉన్నది. మన దేశంలో జారీ అయిన తొలి పైలట్ లైసెన్సును 1929 ఫిబ్రవరి 10న అందుకొన్న జె.ఆర్.డి. టాటా గారి సంస్థ కట్టిన పట్టణంలో విమానాలు ఎగరడం వింత కాదు. సోనారి పేరు దేశమంతటా వినబడినది మాత్రం ఒక విషాద సందర్భంలో. 2024 ఆగస్టు 20న అక్కడి నుండి లేచిన సెస్నా 152 శిక్షణ విమానం చాండిల్ జలాశయంలో కూలిపోయి, అందులోని ఇద్దరూ మరణించారు. మేము వెళ్ళినది దానికి ఎంతో ముందు. మేము చెప్పబోయే యంత్రానికి, ఆ దుర్ఘటనకు ఏ సంబంధమూ లేదు.

ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుండి తరాల క్రితం తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూరులో అనేకం ఉన్నవి. మాకు బస చూపిన మిత్రునిది అట్టి కుటుంబమే. అతని మేనమామ విమాన ఇంజన్ల మరమ్మతులో జీవితమంతా గడిపి విశ్రాంతి తీసుకొంటున్న పెద్దమనిషి. మిత్రుని వరుసనే మేమూ ఆయనను మామయ్యగారూ అని పిలిచాము. శనివారం రాత్రి భోజనాల వద్ద, విమానం దగ్గరగా చూడాలని ఉన్నదని మాలో ఒకరు అనగా ఆయన నవ్వి, “ఎక్కించలేను గానీ బాబూ, అది స్టార్టవకపోతే ఎలాగుంటాదో సూపిస్తాను రండి” అన్నారు. పరిచయస్థులైన ఒక శిక్షకుని వద్ద పది దినాలుగా ఒక విమానం మొండికేస్తున్నదట.

జనవరి మాసం. చలి పది డిగ్రీల దరిదాపులలో ఉన్నది. పొగమంచు విడువలేదు. హ్యాంగరు ముందు సెస్నా 152 తరగతికి చెందిన రెండు సీట్ల శిక్షణ విమానం నిలబడి ఉన్నది. దాని ముక్కులో నాలుగు సిలిండర్ల లైకమింగ్ ఇంజను. శక్తి సుమారు 110 అశ్వబలం. అనగా మన కార్ల ఇంజన్లకంటె పెద్ద గొప్పదేమీ కాదు. గాలితోనే చల్లబడుతుంది, నీటి రేడియేటరు లేదు. సిలిండరుకు రెండేసి చొప్పున ఎనిమిది స్పార్కు ప్లగ్గులు, వాటికి నిప్పురవ్వనిచ్చే మాగ్నెటోలు రెండు. ఒకటి చెడితే రెండవది ఉండాలన్నది విమాన యంత్ర నిర్మాణంలో మూలసూత్రం.

విద్యార్థి తాళం తిప్పాడు. ప్రొపెల్లరు చురుకుగా తిరిగినది, ఇంజను అంటుకోలేదు. కొద్దిసేపు ఆగి రెండవసారి ప్రయత్నించాడు, అదే వరుస. మూడవసారి విసుగుతో తాళం వదిలివేయగా, ఆగబోతున్న ప్రొపెల్లరు ఒక్కసారి దగ్గినట్లు కదలి, తెల్లని పొగ వదలి, అంటుకొన్నది. ఒక నిమిషం నడిపి, పొగమంచు కారణంగా ఆపివేశారు. మేమైతే స్టార్టయినందుకు సంతోషించాము. మామయ్యగారు మాత్రం చేతులు వెనుకకు కట్టుకొని, ప్రొపెల్లరువైపే చూస్తూ నిలబడ్డారు.

లాగ్ పుస్తకంలో ఆ పది దినాల వ్రాత చూపించారు. “ఇంజను కష్టంగా స్టార్టగుచున్నది” అన్న ఒక్క వాక్యమే నాలుగుసార్లు, నాలుగు దస్తూరీలలో ఉన్నది. దాని ఎదుట జరిగిన చికిత్సలు వేరువేరుగా ఉన్నవి. మొదట బ్యాటరీ మార్చారు. తరువాత ప్లగ్గులు విప్పి శుభ్రం చేశారు. ఆ తరువాత పెట్రోలు మరికొంత ఎక్కువగా కొట్టి చూచారు. మూడింటిలో ఏదీ తప్పు పని కాదు. కాని మూడూ చేసింది ఇంజనును చూచి కాదు, ఆ వాక్యాన్ని చూచి. మన కర్మాగారంలోనూ ఇట్టి వాక్యాలకు కొదవలేదని పాఠకులు గ్రహించే ఉంటారు.

ఇక్కడ కొంత శాస్త్రం చెప్పక తప్పదు. స్టార్టు కాని ఇంజను ముందు నిలబడినవాడు మొట్టమొదట చూడవలసినది ప్రొపెల్లరు తిరిగే వేగం. అది నీరసంగా తిరుగుతుంటే దోషం విద్యుత్తు వైపు ఉన్నట్లు. ఈ విమానంలో 24 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది బలహీనమై ఉండవచ్చు. లేదా స్టార్టరుకు కరెంటునందించే కాంటాక్టరు, కేబుళ్ళ కొసలు, ఇంజనును విమాన శరీరానికి కలిపే ఎర్తు పట్టీ తుప్పు పట్టి ఉండవచ్చు. బ్యాటరీని మార్చి ఎర్తు పట్టీని మరచినవారు మన మోటారు షెడ్లలోనూ ఉన్నారు. ప్రొపెల్లరు చురుకుగా తిరుగుతూ కూడా ఇంజను అంటుకోకపోతే విషయం వేరు; అప్పుడు వెదకవలసినది ఇంధనం, నిప్పురవ్వ, గాలి, సంపీడనం అనే నాలుగింటిలో.

ఇంధనం సంగతి ముక్కు చెబుతుంది. పలుమార్లు ప్రయత్నించినా పెట్రోలు వాసన రాకుంటే అది సిలిండర్లకు చేరడం లేదు. ఘాటుగా వస్తే ఎక్కువై ముంచెత్తినది. ఈ తరగతి విమానంలో పెట్రోలు రెక్కలలోని ట్యాంకుల నుండి భూమ్యాకర్షణతోనే దిగుతుంది, పంపు లేదు. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనుక, ప్రైమరు అనే చిన్న చేతి పంపుతో నేరుగా ఇంజనులోకి కొద్దిగా చిమ్మి స్టార్టు చేస్తారు. ఇంజను వేడిగా ఉన్నపుడు ఆ అవసరం లేదు. ప్రైమరును తిరిగి బిగించడం మరచితే ఇంజను దాని గుండా అదనంగా పెట్రోలు పీల్చుకొని నిదానపు వేగంలో తడబడుతుంది. వర్షాకాలంలో ట్యాంకు మూత సీలు చెడితే నీరు దిగుతుంది. అందుకే ఎగిరే ముందు అడుగున ఉన్న కవాటం నుండి కొంత పెట్రోలును గాజు పాత్రలోకి తీసి చూస్తారు. విమానపు పెట్రోలుకు నీలిరంగు వేసి ఉంటుంది గనుక అడుగున చేరిన నీటి బొట్టు స్పష్టంగా కనబడుతుంది.

అధికంగా పెట్రోలు కొట్టడం గురించి మామయ్యగారు కొంత కటువుగానే మాట్లాడారు. కార్బురేటరు ఇంజనుకు దిగువన ఉంటుంది. ఇంజను తిరగనపుడు కొట్టిన పెట్రోలు పైకి పోక, క్రిందనున్న గాలి పెట్టెలోకి జారుతుంది. ఆపైన ఇంజను ఒక్కసారి వెనుకకు దగ్గితే అక్కడ మంట లేస్తుంది. అట్టి సమయంలో భయపడి స్టార్టరును వదలరాదు. త్రిప్పుతూనే ఉంటే మంట ఇంజను లోపలికి లాగబడుతుంది. మిశ్రమాన్ని, పెట్రోలును కట్టివేసి, థ్రాటిల్ పూర్తిగా తెరచి, త్రిప్పుతూ ఉండాలి. వినుటకు వింతగా ఉన్న ఈ నియమం పైలట్లందరికీ నేర్పే పాఠం.

ప్లగ్గుల విషయం ఆ విమానంలో సరిగానే ఉన్నది. విమాన పెట్రోలులో సీసం కలుపుతారు గనుక ప్లగ్గు కొసలో చిన్న సీసపు పూసలు చేరుతవి. క్రిందివైపు ప్లగ్గులను నూనె తడుపుతుంది. సాధారణంగా కొసల మధ్య ఎడం అంగుళంలో వేయింట 16 నుండి 21 వంతులుండాలి. చేతి నుండి జారి నేలపై పడిన ప్లగ్గును, పైకి ఎంత బాగున్నా, చెత్తబుట్టలో వేయవలసినదే. లోపలి పింగాణీలో కంటికి కనబడని బీట ఏర్పడి ఉండవచ్చు. ఖరీదైన వస్తువును అలా పారవేయడం మాలో స్టోర్సు పని చూచే మిత్రునికి మింగుడుపడలేదు.

ఇన్ని సంగతులు చెబుతూనే మామయ్యగారు విద్యార్థిని దగ్గరకు పిలిచి హిందీలో ప్రశ్నలు వేశారు. ఎప్పుడు ఇట్లా చేస్తున్నది? తెల్లవారి చల్లగా ఉన్నప్పుడా, ఎగిరివచ్చి వేడిగా ఉన్నప్పుడా? రెండు సమయాలలోనూ అన్నాడు. గాలిలో ఎప్పుడైనా తడబడినదా? లేదు. ఎగిరే ముందు మాగ్నెటోల పరీక్షలో ఏమైనా తేడా? లేదు, రెండూ చక్కగా ఉన్నవి. మరి అంటుకొనేది తాళం తిప్పి పట్టుకొన్నప్పుడా, వదిలినప్పుడా? ఆ అబ్బాయి ఒక్క క్షణం ఆలోచించి, వదిలినప్పుడే అన్నాడు. ఆ పది దినాలూ అంతేనట. ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదు.

మామయ్యగారు మావైపు తిరిగి, “అదీ సంగతి. రోగం ఆడి నోట్లోనే ఉంది బాబూ” అన్నారు.

ఆ ఒక్క మాటలో అంత అర్థమేమున్నదో గ్రహించుటకు మాగ్నెటో పనిచేసే తీరు తెలియాలి. దానికి బ్యాటరీతో పని లేదు. లోపలి అయస్కాంతాన్ని ఇంజనే త్రిప్పుతుంది, ఆ భ్రమణం వల్లనే విద్యుత్తు పుడుతుంది. కనుక విమానంలో బ్యాటరీ పూర్తిగా చచ్చినా ఇంజను ఆగదు. ఆ సుగుణానికి వెల ఏమిటంటే, నిదానంగా తిరిగినపుడు అది మంచి రవ్వనివ్వదు. స్టార్టరు త్రిప్పే వేగం దానికి చాలదు. రెండవ చిక్కు కూడా ఉన్నది. నడుస్తున్న ఇంజనులో పిస్టను పై కొసకు చేరకముందే రవ్వ పడాలి. ఈ ఇంజనులో క్రాంకు కోణం లెక్కన 20 డిగ్రీల ముందు. స్టార్టు చేసేటప్పుడు కూడా అంత ముందుగా పడితే, మండిన వాయువు పిస్టనును వెనుకకు తన్ని స్టార్టరును విరగగొట్టగలదు.

ఈ రెండు చిక్కులకూ కలిపి పూర్వులు కనిపెట్టిన ఉపాయం ఇంపల్స్ కప్లింగు. మాగ్నెటోకు, ఇంజనుకు నడుమ ఒక చుట్ట స్ప్రింగు, దానితో చిన్న ఇనుప రెక్కలు ఉంటవి. నిదానంగా తిరిగేటప్పుడు రెక్క ఒక మేకుకు తట్టుకొని నిలిచిపోతుంది. అయస్కాంతం ఆగుతుంది, స్ప్రింగు మాత్రం బిగుసుకొంటూ ఉంటుంది. పిస్టను పై కొసకు చేరుతున్న సమయంలో రెక్క మేకును వదలిపెడుతుంది. స్ప్రింగు విడివడి అయస్కాంతాన్ని విసురుగా త్రిప్పుతుంది. రవ్వ ఆలస్యంగానూ పడుతుంది, బలంగానూ పడుతుంది. అప్పుడు ‘టిక్కు’మని ఒక చప్పుడు బయటికి వినబడుతుంది. ఇంజను వేగం పుంజుకొన్న తరువాత రెక్కలు బయటికి విసరబడి మేకును తాకవు, ఇక ఆ అమరికకు పని ఉండదు. మన బావులకు నీరు తోడే పాత కిరోసిను ఇంజన్లను త్రాడు చుట్టి లాగినవారిలో కొందరికి ఈ ‘టిక్కు’ పరిచితమే కావచ్చు.

ఆ విమానంలో ఈ కప్లింగు ఎడమ మాగ్నెటోకు మాత్రమే ఉన్నది. కొన్ని ఇంజన్లలో రెంటికీ ఉంటుంది. ఒకదానికే ఉన్నచోట తాళాన్ని స్టార్టు స్థానంలో పట్టుకొన్నంతసేపు కుడి మాగ్నెటో కట్టివేయబడి ఉంటుంది. తొందరపడి ముందుగా రవ్వ వేసి ఇంజనును వెనుకకు తన్నకుండా ఈ జాగ్రత్త. తాళం వదలగానే రెండూ మేల్కొంటవి. తాళం పట్టినంతసేపు అంటుకోక, వదలగానే అంటుకొంటున్నదంటే ఎడమది ఆ సమయంలో పనిచేయడం లేదు, ఆగబోతున్న ప్రొపెల్లరు మిగులు వేగంతో కుడిది ఎట్లో నెట్టుకు వస్తున్నది. కొత్త బ్యాటరీ వేయడం వలన ప్రొపెల్లరు మరింత చురుకుగా తిరిగి కుడి మాగ్నెటోకు సాయపడినది. అనగా ఆ చికిత్స రోగాన్ని తగ్గించక, కప్పిపుచ్చినది. నిమిషానికి 1700 చుట్ల వద్ద చేసే మాగ్నెటోల పరీక్షలో తేడా ఎందుకు కనబడలేదో కూడా దీనితో తేలిపోయినది. ఆ వేగంలో కప్లింగుకు పనే లేదు.

ఇంత తెలిసిన తరువాత విద్యార్థులలో ఒకరు ఉత్సాహంగా, స్టార్టరు ఎందుకు, ప్రొపెల్లరును చేత్తో త్రిప్పి స్టార్టు చేద్దామా అన్నాడు. ఆ ఉదయం మామయ్యగారి స్వరం పెరిగినది అప్పుడొక్కసారే.

ఆయన తరం వారికి చేత్తో త్రిప్పడం కొత్త కాదు. మనవంటి ప్రభుత్వరంగ సంస్థయే అయిన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి పుష్పక్ 1958లో తొలిసారి ఎగిరినది. సుమారు 160 తయారై దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు చేరినవి. 90 అశ్వబలపు కాంటినెంటల్ ఇంజను గల ఆ విమానాన్ని ఒకరు లోపల కూర్చొని, మరొకరు బయట ప్రొపెల్లరు త్రిప్పి స్టార్టు చేసేవారు. త్రిప్పేవానికి ప్రత్యేక శిక్షణ ఉండేది. నిలబడే చోటు, చేయి వేసే తీరు, వెనుకకు అడుగు వేసే క్షణం అన్నీ నేర్పేవారు. లోపలివాడు, బయటివాడు ఒకరి మాటకు ఒకరు గట్టిగా బదులు పలికితే తప్ప ప్రొపెల్లరుపై చేయి పడేది కాదు. అంత కట్టుదిట్టం ఎందుకనగా, మాగ్నెటోను ఆపేది దానిని భూమికి కలిపే ఒక సన్నని తీగ. ఇంటి దీపానికి తీగ తెగితే దీపం ఆరుతుంది. మాగ్నెటోకు ఆ తీగ తెగితే అది ఎప్పటికీ ఆరదు. తాళం తీసి జేబులో వేసుకొన్నా, సిలిండరులో కొద్దిపాటి పెట్రోలు మిగిలి ఉంటే చేతి తాకిడికే ఇంజను పేలగలదు. పైకి చచ్చినట్లున్న ప్రొపెల్లరు మనుషుల ప్రాణాలు తీసిన సంఘటనలు విమాన ప్రపంచంలో లేకపోలేదు. స్టార్టు కావడానికి మొరాయించే ఇంజను మరీ ప్రమాదకరం. పదిసార్లు అంటుకోలేదు గనుక పదకొండవసారి కూడా అంటుకోదని మనసు చెబుతుంది.

లైసెన్సు గల ఇంజనీరు వచ్చిన తరువాతనే పని మొదలైనది. మామయ్యగారు విశ్రాంత ఉద్యోగి గనుక విమానంపై చేయి వేయలేదు. ఒక స్టూలుపై కూర్చొని చూచారు. ఇంజనీరు మొదట తాళపు స్విచ్చును మీటరుతో పరీక్షించాడు. స్విచ్చే చెడి, స్టార్టు స్థానంలో రెండు మాగ్నెటోలనూ కట్టివేస్తున్నా సరిగ్గా ఇదే లక్షణం కనబడుతుంది. ఏదీ విప్పకుండా పోయే పరీక్ష గనుక అది ముందు. స్విచ్చు బాగున్నది. తరువాత చక్రాలకు అడ్డుదిమ్మలు వేసి, పైవైపు ప్లగ్గులన్నీ తీసివేశారు. ప్లగ్గులు లేని ఇంజనులో సంపీడనం ఉండదు. అంటుకొనే వీలు లేదు. అయినా దానిని బ్రతికి ఉన్న ప్రొపెల్లరుగానే భావించి, దూరంగా నిలబడి, మెల్లగా త్రిప్పారు.

అందరము ఊపిరి బిగబట్టి విన్నాము. ఒక ‘టిక్కు’ వినబడినది. తరువాతి సిలిండరుకు ఏమీ లేదు. మళ్ళీ ఒకటి. ఆ తరువాత రెండింటికి నిశ్శబ్దం. నాలుగింటికి నాలుగు వినబడవలసిన చోట ఒకటి, రెండు మాత్రమే వినబడుతున్నవి.

మాగ్నెటో విప్పి చూడగా కప్లింగు రెక్కల ఇరుసు అరిగి, నల్లని జిడ్డు పట్టి ఉన్నది. రెక్క క్రిందికి వాలక మేకును తప్పించుకొంటున్నది. ఎవరి తప్పూ కాదు; తిరిగే ప్రతి ఇనుమూ అరుగుతుంది. అందుకే తయారీదారులు 500 గంటలకొకసారి మాగ్నెటోను విప్పి చూడమంటారు. అయితే ఇంజనీరు చెప్పిన మరొక మాట మమ్ములను కొంత కలవరపరచినది. ఇట్లా అరిగిన కప్లింగు ఒకనాడు విరిగితే, ఆ ముక్కలు ఇంజను వెనుక పళ్ళచక్రాల పెట్టెలో పడతవి. అప్పుడు ఇంజను ఆగేది హ్యాంగరు ముందు కాదు, ఆకాశంలో. ఉదయం మేము సంతోషించిన మూడవ ప్రయత్నాన్ని తలచుకొని మాలో ఎవరమూ మాట్లాడలేదు.

అప్పటికి పొగమంచు తొలగి ఎండ వచ్చినది. కొత్త కప్లింగు అమర్చి, మాగ్నెటోను తిరిగి 20 డిగ్రీల గుర్తుకు సరిచేసి బిగించేసరికి మధ్యాహ్నం మూడు దాటినది. ఈ మధ్యలో మిత్రుని ఇంటి నుండి ఉప్మా, టీ వచ్చినవని కూడా వ్రాయడం ధర్మం. విద్యార్థి మళ్ళీ తాళం తిప్పాడు. రెండవ రెక్క మా కళ్ళముందు దాటకమునుపే ఇంజను అందుకొన్నది. తాళం ఇంకా అతని చేతిలోనే ఉన్నది. నూనె ఒత్తిడి 30 సెకన్లలోపు లేవాలి. అంతకన్న ముందే లేచినది. ఆపివేసే ముందు నిదానపు వేగంలో తాళాన్ని ఒక్క క్షణం ఆపు స్థానానికి త్రిప్పి, ఇంజను చావబోవడం చూచి, ఆ సన్నని తీగ తెగలేదని నిర్ధారించుకొన్నారు. లాగ్ పుస్తకంలో ఇంజనీరు ఈసారి ఏడు పంక్తులు వ్రాశాడు.

మేము తిరిగి వచ్చిన తరువాత మా విభాగంలోని అగ్నిమాపక డీజిలు పంపు రిజిస్టరును తీసి చూచాము. వారానికొకసారి ఆ పంపును నడిపి చూడడం నియమం. నిప్పు అంటుకొని, కరెంటు పోయిన నాడు కర్మాగారానికి దిక్కు అదే. పాత పుటలలో “స్టార్టగుటకు ఆలస్యం” అని ఎనిమిది చోట్ల ఉన్నది. ఎంత ఆలస్యం, చల్లగా ఉన్నపుడా, ఏ బ్యాటరీపై, పొగ ఏ రంగు, ఒక్క చోటా లేదు. ఆ షిఫ్టులలో పనిచేసినవారిని పిలిచి అడిగాము. ముగ్గురికి జ్ఞాపకం లేదు. నాలుగవ ఆయన, మరి రెండు నెలలలో పదవీ విరమణ చేయనున్న ఫిట్టరు, చేతులు తుడుచుకొంటూ, రెండవ బ్యాటరీపై పెట్టినపుడు మాత్రమే అట్లా చేస్తున్నదని, వర్షం పడిన మరునాడు మరీ ఎక్కువని చెప్పాడు. ఆ బ్యాటరీ ఎర్తు తీగ కొసను అదే సాయంత్రం విప్పాము. లోపల పచ్చగా చిలుము పట్టి ఉన్నది.